ఏరిన కందులు

ఫెలోషిప్ ముగించుకొని వచ్చినవాళ్ళు నింపి పంపాల్సిన ఫారంలో పదకొండు ప్రశ్నలున్నాయి. పదింటికి మనీషా అరగంటలో జవాబులు రాసేసింది. ఎన్ని వారాలున్నారు, ఎక్కడ బస చేశారు, ఏ యంత్రాల మీద పనిచేశారు, భోజనం ఎలా ఉంది. భోజనం దగ్గర ‘బాగుంది’ అని రాసి, ఆ మాత్రం అబద్ధం ఎవరికీ చెడుపు చేయదులే అనుకుంది. పదకొండో ప్రశ్న మాత్రం మొండికేసింది. ఈ పది వారాల్లో మీరు ఏం నేర్చుకున్నారో ఐదు వందల మాటలకు మించకుండా రాయండి అంటుందది. మించడం సంగతి దేవుడెరుగు, ముందు ఐదు మాటలు రావాలి కదా.

సోమవారం సాయంత్రం ఐదింటికల్లా ఆ ఫారమూ, దానితోపాటు పరిశోధన నివేదికా మెయిల్లో సంస్థకు చేరాలి. అప్పటికింకా శుక్రవారమే. వికారాబాద్ స్టేషన్ రోడ్డులో, జిరాక్స్ దుకాణం పైన తను అద్దెకుంటున్న గదిలో కూర్చుని, ఆ పది వారాలూ ఇంకెవరివో అన్నట్టుగా తలచుకోవడం మొదలుపెట్టింది.

మనీషాకు ముప్పై ఒక్కేళ్ళు. వికారాబాద్‌లోని ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో వృక్షశాస్త్రం చెబుతుంది. ఆ ఉద్యోగం ఏటా జూన్‌లో కొత్తగా ఇస్తారు, అంటే ఏటా ఏప్రిల్‌లో పోతుంది. హిమాచల్ కొండల్లో ఒక పరిశోధన సంస్థ, చిన్న ఊళ్ళ అధ్యాపకులకు పది వారాల ఫెలోషిప్ ఇస్తామని ప్రకటిస్తే దరఖాస్తు పెట్టింది. సరదాకి పెట్టానని అందరితో చెప్పింది గానీ, దాన్ని పదిహేడు సార్లు తిరగరాసింది.

జూలైలో వెళ్ళింది, సెప్టెంబరు నెలాఖరుకు తిరిగొచ్చింది. అక్కడ వాన తప్ప ఇంకో సంగతి లేదు. ఉతికిన బట్టలు నాలుగు రోజులకు ఆరేవి, ఆరినా ముక్కిన వాసన పోయేది కాదు. మాది తాండూరు దగ్గర ఊరు అంటే, ఆ తాండూరు ఎక్కడ అని అడిగినవాళ్ళకు హైదరాబాద్ పక్కన అని చెప్పేది. నూరు కిలోమీటర్ల పైచిలుకు దూరాన్ని పక్కన అనడం ఆ కొండల్లో ఎవరికీ తప్పుగా తోచలేదు. ఇల్లు గుర్తొచ్చి కన్నీళ్ళు పెట్టుకుంటానేమో అని భయపడింది. అలాంటి రోజు ఒక్కటీ రాలేదు. పొద్దున్నే తలుపు తాళం వేసుకుని, గొడుగు పట్టుకుని ప్రయోగశాలకు నడిచిపోతుంటే హాయిగా ఉండేది. ఆ హాయికి కాస్త సిగ్గుపడింది కూడా.

ఆమె ఎంచుకున్న పని కందులది. యాలాల్‌కు మూడు కిలోమీటర్ల అవతల ఉన్న ఆమె ఊళ్ళో ఆడవాళ్ళు, ఎర్రమన్ను నీళ్ళలో కలిపి కందులకు పట్టించి, ఎండబెట్టి, గుమ్ముల్లోనూ కాగుల్లోనూ దాచుకుంటారు. మన్ను పట్టిస్తే పురుగు పట్టదని వాళ్ళ నమ్మకం. అది నిజమో కాదో లెక్క తేల్చాలని మనీషా పట్టుదల. జూన్‌లో పది ఇళ్ళకు తిరిగి, ఇంటికో గుడ్డసంచి ఇచ్చి, దాని మీద ఆ ఇంటి ఇల్లాలి పేరు పెద్ద అక్షరాలతో రాసి, కిలో కందులు పోసి ఉంచమని చెప్పింది. నెత్తిన నిలబడి ఇప్పుడే తీయండి అనడం బాగుండదని, రెండు రోజుల తర్వాత వచ్చి పట్టుకుపోయింది. మన్ను పట్టించని కందులు కూడా పది సంచులు కావాలి. వాటి బాధ్యత ఆమె చిన్నాన్న హనుమంతుది. ఆయనకు తాండూరులో పప్పు మిల్లు ఉంది. రైతులు మామూలు గోనెసంచుల్లో తెచ్చి దింపిన కందుల్లోంచి పది సంచులు తీసి ఇచ్చాడు.

అక్కడ చేసిన పని చెప్పుకుంటే నవ్వు వస్తుంది. ఒక్కో సంచిలోంచి వెయ్యి గింజలు తెల్లటి పళ్ళెంలో పోసుకోవడం, పుచ్చినవెన్నో లెక్కపెట్టడం. ఆ తర్వాత యంత్రాలూ, తేమ శాతాలూ వగైరా ఉన్నాయి గానీ, అసలు పని ఇదే. మొదటి వారం ఒక చిక్కొచ్చింది. లెక్కపెట్టకముందే ఆమె వేళ్ళు పుచ్చు గింజల్ని పళ్ళెం అంచుకు తోసేసేవి. పర్యవేక్షకురాలు నేగీ మేడమ్ అది చూసి, ‘నువ్వు వంటకు కూర్చోలేదమ్మా, వాటిని మళ్ళీ లోపల వెయ్యి’ అని నవ్వింది. మనీషా కూడా నవ్వి, వేళ్ళకు బుద్ధి చెప్పుకుంది.

నెల రోజులకు లెక్క తేలింది. గోనెసంచుల కందుల్లో వందకు పదకొండు పుచ్చులు. ఎర్రమన్ను కందుల్లో వందకు ఒకటి కూడా లేదు. నేగీ మేడమ్ కళ్ళద్దాలు తుడుచుకుని ఆ పట్టికను మూడుసార్లు చూసింది. సంచుల్లోంచి గుప్పెడు కందులు తీసి, పూత ఇంత పలచగా ఉందేమిటని అడిగింది. ప్రయాణంలో రాలిపోయి ఉంటుందని మనీషా చెప్పింది. ఆ మాట నివేదికలో పట్టిక కింద చిన్న అక్షరాల్లో చేరింది.

వచ్చే ముందు శుక్రవారం సంస్థలో అందరి ముందూ ఆమె ఇది చదివి వినిపించింది. చప్పట్లు కొట్టారు. టీ దగ్గర నేగీ మేడమ్ ఆమెను పక్కకు పిలిచింది. దీని మీద ఒక పెద్ద ప్రాజెక్టు పెడుతున్నామని, నివేదిక అందగానే రెండేళ్ళ ఉద్యోగానికి ఉత్తరం పంపిస్తానని చెప్పింది. ఏప్రిల్‌లో పోని ఉద్యోగం. మనీషా టీ కప్పును రెండు చేతులతో పట్టుకుని తల ఊపింది.

ఇక్కడికొచ్చాక ఆ సంగతి ప్రిన్సిపాల్ అరుణాదేవి చెవిన పడింది. ఆవిడ పత్రికవాళ్ళకు ఫోన్ చేసింది. జిల్లా పేజీలో ‘పురుగుకు ఎర్రమన్ను దెబ్బ’ అని మనీషా ఫోటోతో సహా వచ్చింది. ఫోటోలో కళ్ళు మూసుకుని ఉంది.

పదకొండో ప్రశ్నకు జవాబు తట్టక, ఇంటికి పోతే తడుతుందేమోనని శనివారం పొద్దున తాండూరు రైలెక్కింది.

* * *

తాండూరులో దిగితే చిన్నాన్నను చూడకుండా పోయే వీలు లేదు. చూడకుండా పోతే ఆయన సాయంత్రానికి ఫోన్ చేసి మరీ అలుగుతాడు. మిల్లు ముందు కన్నడంలో గొడవపడుతున్న ఇద్దరు లారీవాళ్ళను దాటుకుని మనీషా లోపలికి వెళ్ళేసరికి, హనుమంతు బల్ల అద్దం కింద పెట్టుకున్న పేపరు ముక్కను హమాలీ జంగప్పకు చూపిస్తున్నాడు.

"వచ్చినవా బిడ్డా. నీ గురించే చెప్తున్న" అన్నాడు. "నువ్వు రాసింది చదివిన. ఈసారి నేను గూడ గట్లనే చేస్త. జనవరిల కొనే సరుకుకు ఎర్రమన్ను పట్టిస్త, పురుగుల మందు గోళీలు బంద్. రొండు వందల సంచులు. ఆ గోళీల వాసనకు జంగప్పకు దమ్ము పట్టుకుంటున్నది, ఆ ఫికరుండదు."

జంగప్ప అవునన్నట్టు దగ్గి చూపించాడు. తన పరిశోధన పేపర్లోంచి దిగొచ్చి ఒక మనిషి ఊపిరికి మేలు చేయబోతోందని మనీషాకు గర్వంగా అనిపించింది. దాచుకోలేదు, బస్సెక్కాక కూడా ఆ గర్వం మొహం మీదే ఉంది.

ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. తల్లి గోవిందమ్మ అన్నం పెట్టింది. చేయి కడుక్కుంటుండగానే బుగ్గమ్మ వచ్చింది. బుగ్గమ్మకు డెబ్బై దాటాయి. వాళ్ళది గొర్ల మంద ఉన్న ఇల్లు. కొడుకు బీరప్ప గొర్లతో తిరుగుతాడు, ఉన్న రెండెకరాల్లో కంది వేస్తారు. మనీషా జూన్‌లో సంచి ఇచ్చిన పది ఇళ్ళల్లో ఆమెదొకటి. వచ్చి గడప పక్కన కూర్చుని, క్షేమ సమాచారాలు వగైరా ఏమీ లేకుండా అసలు సంగతికొచ్చింది.

"ఏం బిడ్డా, మా కందులను ఏమన్నరు ఆడ?"

"మస్తు మెచ్చుకున్నరవ్వా. పుచ్చు అన్నది లేదని పరేషానయిండ్రు."

"ఎట్లుంటది పుచ్చు?" అంది బుగ్గమ్మ, మెచ్చుకోలును సగం అందుకుని సగం పక్కకు నెట్టేస్తూ. "రొండు దినాలు కూసోని ఏరిన. నా కండ్లకు ఆనకపోతే మా మనుమరాలు అంజలిని బడి మాన్పించి కూసవెట్టుకున్న. సంచి మీద నా పేరు రాస్తివాయె. అంత దూరం పోయే కందులు, పుచ్చులు వోసి పంపుతమా?"

మనీషా తుడుచుకుంటున్న చేతిని తుడుచుకుంటూనే ఉంది. "గుమ్మిలకెళ్ళి తీసినయి తీసినట్టు పొయ్యమంటి గదవ్వా."

"తీసినయి తీసినట్టు గొడ్లకు వోస్తం బిడ్డా. మనుషులకు ఇస్తమా?"

లోపలినుంచి గోవిందమ్మ అందుకుంది. "నేనయితే రొండు మాట్ల చెరిగిన. ఆ మన్ను గూడ ముద్దలు ముద్దలుంటే బాగుండదని బట్టతోని జర తుడిచిన."

పూత పలచగా ఎందుకుందో నేగీ మేడమ్‌కు ఇప్పుడు చెప్పొచ్చు. మనీషా తువ్వాలును తీగె మీద వేసి, ఫోన్ తీసి చిన్నాన్నకు కలిపింది.

"చిన్నాయినా, జూన్‌ల నాకిచ్చిన కందులు ఏరి ఇచ్చినవా?"

"ఏరుడేంది బిడ్డా, నాకేం పనిలేదనుకున్నవా? జంగప్ప సంచుల చెయ్యి వెట్టి తీసిండు, నేను మూతి కట్టిన. ఏమాయె?"

"ఏం లేదు" అంది.

చెరిగి, ఏరిన కందులు ఒకవైపు. సంచిలోంచి చేయి పెట్టి తీసినవి ఇంకోవైపు. నెల రోజులు వంగి వంగి లెక్కపెట్టి, యంత్రాలకు తినిపించి, రంగుల గీతలు గీసి ఆమె కొలిచింది ఎర్రమన్ను సత్తాను కాదు. పది మంది ఆడవాళ్ళ పరువును కొలిచింది. అది వందకు తొంభై తొమ్మిది పైన తేలింది.

అన్నిటికంటే ఎక్కువగా ఆమెను కుదిపింది ఇంకొకటి. ఈ ఇంట్లోనే పుట్టింది, ఈ చాట పక్కనే పెరిగింది. పక్కింటికి గిద్దెడు పప్పు పంపాల్సొచ్చినా తల్లి ఏరకుండా పంపడం ఏనాడూ చూడలేదు. ఎవరో తెలియని మనిషి వచ్చి ఉంటే, మర్యాద తెలియదు కనుక గుమ్మి దగ్గరే నిలబడి తోడుకుని పోయేది. ఆ మనిషి లెక్క సరిగ్గా వచ్చేది. మనీషాకు మర్యాద తెలుసు. పేరు రాసి, రెండు రోజులు గడువిచ్చి మరీ చెడగొట్టుకుంది. తన మీద తనకు పట్టరానంత కోపం వచ్చింది. ఆ కోపం ఎవరి మీద చూపాలో తెలియక పెరట్లోకి వెళ్ళి కాసేపు నిలబడింది.

బుగ్గమ్మ వెళ్ళిపోయాక తల్లికి విషయమంతా చెప్పింది. గోవిందమ్మ ఏడో తరగతి దాకా చదువుకుంది. శాతాలు తెలియకపోయినా సంగతి ఎక్కడ తగులుతుందో వెంటనే పట్టుకుంది.

"ఇప్పుడు చెప్తే ఆ నౌకరి ఇయ్యరా?"

"ప్రాజెక్టే ఈ లెక్క మీద పెట్టిండ్రమ్మా. లెక్క పోతే అదీ పోతది."

"ఎవలకు తెలుస్తది? బుగ్గమ్మ పోయి చెప్తదా ఆడికి?"

ఎవరికీ తెలియదు. అదే చిక్కు. మనీషా ఆ దారిని చివరికంటా నడిచి చూసింది. ఫారం నింపి పంపడం, ఉత్తరం రావడం, మళ్ళీ ఆ వాన, ఆ గొడుగు, తాళం వేసుకుని నడిచిపోయే పొద్దులు. ఆ పొద్దులు ఆమెకు కావాలి. కావాలని ఒప్పుకోవడానికి ఇప్పుడు సిగ్గు కూడా లేదు. ఆ దారికి అడ్డంగా ఎవరూ లేరు, జనవరిలో తాండూరు మిల్లులో మన్ను పూసుకుని నిలవబోయే రెండు వందల సంచులు తప్ప.

"చిన్నాయిన గోళీలు బంద్ వెడతడంట" అంది. "పేపర్ల చదివిండు. మన్ను పనిచెయ్యకపోతే ఎండకాలం వచ్చేసరికి సంచులల్ల పిండి మిగుల్తది. ఆయనొక్కడేనా, చదివినోళ్ళు ఇంకెంతమందో."

"పనిచెయ్యదా మన్ను?"

"తెల్వదమ్మా. తెల్సనుకున్న. తెల్వదు."

గోవిందమ్మ పొయ్యి దగ్గరికి వెళ్ళి, అవసరం లేకపోయినా ఒక గిన్నెను రెండుసార్లు తోమింది.

* * *

ఆదివారం పొద్దున్నే మనీషా మళ్ళీ పది ఇళ్ళకు బయల్దేరింది. చేతిలో పది సంచులు, మార్కర్ పెన్ను. ఈసారి గడువిచ్చేది లేదు, గుమ్మి దగ్గర నిలబడి తన చేత్తోనే తీసుకోవాలి. ఆ మాట చెప్పడం ఎంత కష్టమో మొదటి ఇంట్లోనే తెలిసింది.

మొదటి ఇల్లు వెంకటమ్మది. వరసకు మేనత్త. సంగతి విని నడుము మీద చేయి పెట్టుకుంది.

"అంటే నీ ముందటనే తియ్యాల్నా? నేను దొంగతనం చేస్తనా?"

"గట్ల కాదత్తా. ఏరకుండ కావాలె. పుచ్చులున్నయి ఉన్నట్టు కావాలె."

"పుచ్చులు కావాల్నా? పోయినసారి మంచియి ఇస్తే మెచ్చుకున్నరంటివి. ఇప్పుడు పుచ్చులు పట్కపోయి చూపెడతవా? ఈ ఇంటి కందులు గిట్లుంటయి అంటరు గద ఆళ్ళు."

"అన్నా నీకేం తెలుస్తదత్తా, నాలుగు రాష్ట్రాల అవతల?"

"నాకు తెల్వకపోతే? నా పేరైతే ఆడ ఉంటది గద."

వెంకటమ్మ ఇవ్వలేదు. రెండో ఇంట్లో చాట తెచ్చుకుని కూర్చోబోయారు, మనీషా దణ్ణం పెట్టి బయటికొచ్చింది. మూడో ఇంటికి తాళం వేసుంది, లోపల మాటలు మాత్రం వినిపిస్తున్నాయి. ఊరు చిన్నది, కబురు ఆమెకంటే ముందే నడుస్తోంది.

నాలుగోది బుగ్గమ్మ ఇల్లు. బీరప్ప మందతో వెళ్ళిపోయాడు, అంజలి పిడకల దగ్గర ఉంది. బుగ్గమ్మ మొత్తం విని, గుమ్మి వైపు చూసింది.

"నేను ఏరిచ్చినందుకు నీ పని ఖరాబయిందా బిడ్డా?"

అవునంటే ముసలామె నొచ్చుకుంటుంది, కాదంటే అబద్ధం. "నేను చెప్పుడు సరిగ చెప్పలేదవ్వా" అంది మనీషా. అది నిజమే.

"సరే, తీస్కపో. పేరు మాత్రం రాయకు."

"పేరా?"

"నా పేరు రాయకుంటే నీ ఇష్టమున్నట్టు తీస్కో. పుచ్చులు తీస్కపో, పురుగులు తీస్కపో. పేరు రాస్తివా, నేను ఏరాల్సిందే. ఏరకుండ నా చెయ్యి ఊకోదు."

మనీషా మార్కర్ మూత తీసి, సంచి మీద ‘1’ అని వేసి చూపించింది. బుగ్గమ్మకు అంకెలు తెలుసు, పేర్లు చదవడం రాదు. ఒకటి వేశావా అని అడిగి, తృప్తిపడి, గుమ్మి మూత తనే తీసింది. మనీషా లోపల మోచేతి దాకా పెట్టి తీస్తుంటే మాత్రం మొహం అటు తిప్పుకుంది.

ఆ మాట కూడా ఊళ్ళో ముందే నడిచింది. పేర్లుండవట, అంకెలేనట. మూడో ఇంటి తాళం తెరుచుకుంది. చాట తెచ్చిన ఇంట్లో చాట మళ్ళీ గోడకెక్కింది. పన్నెండున్నరకల్లా వెంకటమ్మ కూడా, తన సంచి మీద ఏడో నంబరు వేశావా ఎనిమిదోదా అని రెండుసార్లు అడిగి మరీ ఇచ్చింది. తొమ్మిది సంచులు నిండాయి. పదోది తల్లి ఇంటిది.

గోవిందమ్మ కాగు మూత తీసి పెట్టింది. అలవాటుగా చేయి చాట కోసం గోడ వైపు పోయింది, మధ్యలో ఆగి వెనక్కొచ్చింది. మనీషా తోడుకుంటుంటే పక్కన నిలబడి, "కిందియి జర తడిసినయి, పైయ్యి తీస్కో" అంది.

"పైయ్యి కిందియి కలిపే తీస్తున్నమ్మా."

"తియ్యి మరి."

భోజనం చేశాక, వాకిట్లో వెలుతురు బాగున్న చోట చాప పరుచుకుని లెక్కకు కూర్చుంది. ఒక్కో సంచిలోంచి కళ్ళు మూసుకుని గుప్పెళ్ళు తీసి, వంద గింజలు తెల్లటి పళ్ళెంలో పోసుకోవడం. వెయ్యి లెక్కపెట్టడానికి టైము లేదు, తను చెప్పాల్సిందానికి వంద చాలు. ఒకటో నంబరులో ఎనిమిది పుచ్చులు. రెండింట పదకొండు. మూడింట ఆరు. ఏడో నంబరు వెంకటమ్మవి పన్నెండు, పాపం ఆమె భయం ఊరికే కాదు. జూన్ నుంచి అక్టోబరు దాకా పురుగు తన పని తను చేసి ఉంటుంది కనుక, ఈ అంకెల్ని గోనెసంచుల పదకొండుతో పోల్చడానికీ వీల్లేదు. మన్ను పనిచేస్తుండొచ్చు, చేయకపోవచ్చు. తేలాలంటే కొత్త పంట వచ్చాక, రెండు రకాలూ ఒకే చేత్తో తీసి, నెల నెలా లెక్కపెట్టాలి. ఏడాది పని. తను చప్పట్లు కొట్టించుకున్న సంగతి మాత్రం నిలవదు. అది ఇప్పటికి తేలిపోయింది.

చివరగా తల్లి సంచి పోసుకుంది. నిదానంగా లెక్కపెట్టింది. పద్నాలుగు. పది ఇళ్ళల్లోకీ ఎక్కువ.

నివేదిక కాగితం మీద పట్టిక గీసింది. ఒకటి నుంచి తొమ్మిది దాకా అంకెలే వేసింది. పదో వరసలో కలం ఆగింది. తల్లిని పిలవకుండా, అడగకుండా, పూర్తిగా రాసింది: గోవిందమ్మ, మా అమ్మ. వందకు పద్నాలుగు. దాని కింద ఉత్తరం మొదలుపెట్టింది. జూన్‌లో కందులు ఎలా వచ్చాయో, పూత ఎందుకు పలచగా ఉందో, తప్పు ఎవరిదో రాసింది. తప్పు ఇళ్ళవాళ్ళది కాదు, వాళ్ళ చేతులు ఎలా పనిచేస్తాయో తెలిసి కూడా మరిచిపోయిన నాది అని రాసింది. పత్రికలో వచ్చిన మాటను కూడా ఈ వారమే సరిదిద్దుతానని రాసింది. రెండేళ్ళ ఉద్యోగం ఊసు ఎత్తలేదు. పదకొండో ప్రశ్న కింద, ఈ ఉత్తరమే జవాబు అని వేసింది.

గోవిందమ్మ టీ తెచ్చింది. గ్లాసు కింద పెడుతూ కాగితం వైపు చూసింది. ఒకటి నుంచి తొమ్మిది అంకెలు, పదింట ఇంగ్లీషు అక్షరాలు. కూడబలుక్కుని చదివింది.

"అందరికి అంకెలు వేసి, నాకు పేరు రాసినవా?"

"అందరు వద్దన్నరమ్మా. ఎవరిదో ఒకరిది లేకపోతే ఆళ్ళు నమ్మరు."

"నన్ను అడగలే."

"అడిగితే వద్దంటవని."

గోవిందమ్మ గ్లాసు వదిలేసి చాప మీద కూర్చుంది. తన పేరునూ, పక్కనున్న అంకెనూ మళ్ళీ చూసింది. తర్వాత పళ్ళేన్ని దగ్గరికి లాక్కుని, మొదటినుంచి లెక్కపెట్టడం మొదలుపెట్టింది. మనీషా వారించలేదు. ఒకటో రెండో తగ్గుతాయేమోనని చూసుకుంటోందనుకుంది, చూసుకోనీ అనుకుంది.

గోవిందమ్మ లెక్క రెండుసార్లు సాగింది. రెండుసార్లూ తొంభై తొమ్మిది గింజలే వచ్చాయి. తల వంచి చాపంతా చూసింది. మనీషా మోకాలి పక్కన చేయి పెట్టి, ఒక గింజను రెండు వేళ్ళతో పట్టుకుని వెలుతురుకు ఎత్తింది. నడుమన గుండ్రటి రంధ్రం.

"ఇది ఈడ వడ్డది" అంది.

పడలేదు. మనీషాకు తెలుసు. పళ్ళెంలోంచి ఎగిరిపడితే అంచు అవతల, మోకాలి పక్కన, అంత చక్కగా ఒదిగి ఉండదు. తల్లి పేరు రాయకముందే, తనకే తెలియకుండా, తన వేళ్ళే దాన్ని ఏరేశాయి.

గోవిందమ్మ కూతురి మొహంలోకి చూసింది. ఏం కనిపెట్టిందో గానీ ఆమె కళ్ళల్లో చిన్న నవ్వు కదిలింది. ఆ గింజను తీసి పళ్ళెంలో, మిగతా పద్నాలుగింటి పక్కన పెట్టింది.

"పదిహేను" అంది. "నా పేరు రాసినప్పుడు సరిగ రాయి."